పాత్ర నేర్చుకునే విద్య: పాత్రపోషణ ఆటల నియమాల వెలుగులో తెనాలి పద్యనాటక శిక్షణ

వ్యాససంగ్రహం

బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రపోషణ ఆటలలో ఒక పాత్ర కొత్త విద్య నేర్చుకోవాలంటే ఎవరు నేర్పాలి, ఎంత కాలం పట్టాలి, ఎంత వెచ్చించాలి అనే విషయాలను నియమాలుగా రాసిపెట్టారు. 1920ల నుండి తెనాలి కేంద్రంగా వర్ధిల్లిన పద్యనాటకరంగంలోనూ ఈ ప్రశ్నలకు ఆచరణలో సమాధానాలు ఉండేవి. ఆ ఆటల నియమాల నుండి నాలుగు ప్రశ్నలను తీసుకొని, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు నట శిక్షణను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆటలో ఆటగాడు స్థిరంగా ఉంటే పాత్ర నేర్చుకుంటుంది. పద్యనాటకంలో నటుడు నేర్చుకుంటే, నేర్చినది పాత్రలో నిలిచిపోతుంది. ఇది వ్యాస ప్రతిపాదన. సమాజాల స్థానంలో కాంట్రాక్టు నాటకం వచ్చిన తరువాత శిక్షణ భారం ఎవరిపై పడిందో, ఆ మార్పు నటనను ఏ దిశకు నడిపిందో ఇందులో చర్చించడమైనది.

కీలక పదాలు: పద్యనాటకం, తెనాలి, ఒద్దిక, స్థానం నరసింహారావు, కాంట్రాక్టు నాటకం, పాత్రపోషణ ఆటలు, శిక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఆడిన వైకుంఠపాళిలో పాచిక పడిన తీరును బట్టి కాయ నిచ్చెన ఎక్కుతుంది, లేదా పాము నోట పడి దిగుతుంది. నిచ్చెనలకు సద్గుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు ఉన్నప్పటికీ కాయ ఏ గుణాన్నీ అభ్యసించదు. నూరవ గడి దగ్గరకు చేరిన కాయకు, మొదటి గడిలో ఉన్న కాయకు మధ్య స్థానభేదమే తప్ప విద్యాభేదం లేదు. ఆటలోని కాయకు ఒక పేరు, ఒక గతం, కొన్ని నేర్పులు, కొన్ని లోపాలు కల్పించి, అది కాలక్రమంలో నేర్చుకుంటుందని భావించిన ఆటలు ఇరవయ్యవ శతాబ్దం ఉత్తరార్ధంలో అమెరికాలో వెలువడ్డాయి. వీటినే పాత్రపోషణ ఆటలు, అంటే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు అంటారు.

ఈ ఆటలో కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథను నడుపుతారు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను స్వీకరించి ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం పలుకుతుందో చెబుతారు. పాత్ర శక్తిసామర్థ్యాలు ఒక కాగితం మీద అంకెలలో ఉంటాయి. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు వేస్తారు. వేషం, తెర, రంగస్థలం లేకపోయినా ఒకరు మరొకరిగా మాట్లాడటం, ప్రవర్తించడం ఇందులో ప్రధానం. ఆ మేరకు ఇది నాటకానికి దగ్గరి బంధువు.

ఈ రెండు కళల మధ్య ప్రభావ సంబంధం ఉన్నదని చెప్పడం వ్యాసోద్దేశం కాదు. నాటకరంగంలో ఆచారంగా ఉండి మాటల్లోకి రాని అంశాలను ఆటల నిర్మాతలు అంకెలలో చెప్పవలసి వచ్చింది. విద్య నేర్వడానికి ఎంత కాలం పడుతుందో చెప్పకపోతే ఆట ముందుకు సాగదు. ఆ స్పష్టతను పరిశీలన సాధనంగా తీసుకుంటే, తెలుగు నాటక చరిత్రలో అంతగా దృష్టి పడని ఒక అంశం వెలుగులోకి వస్తుంది. అది శిక్షణకు అయిన వ్యయం. నటుల ప్రతిభ గురించి, పద్యాల మాధుర్యం గురించి ఎంతో రాశారు. ఆ ప్రతిభను సాధించడానికి అయిన దినాలను ఎవరు భరించారనే ప్రశ్న మాత్రం వెనుకబడింది.

2. ఆటల నియమాలలో శిక్షణ

1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుండి టి.ఎస్.ఆర్. సంస్థ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ప్రచురించింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీని రూపకర్తలు. సైనికవ్యూహాలను బొమ్మలతో ఆడే ఆటల నుండి ఇది పుట్టింది. ఇందులో పాత్ర సాహసాలు చేసి, ధనం సంపాదించి అనుభవాంకాలను కూడబెడుతుంది. అవి ఒక మేరకు చేరగానే పై స్థాయికి వెళుతుంది. అనుభవమే ఇక్కడ గురువు.

1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ‘ట్రావెలర్’ ఆట ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. పాత్ర ఆటలోకి రావడానికి ముందే సైన్యంలోనో, నౌకాదళంలోనో, వర్తకంలోనో నాలుగేళ్ళ చొప్పున కొన్ని పర్యాయాలు పనిచేసి విద్యలు నేర్చుకొని ఉంటుంది. పర్యాయాలు పెరిగే కొద్దీ నేర్పు పెరుగుతుంది, వయసూ పెరుగుతుంది. తొలినాటి నియమాల ప్రకారం ఆ శిక్షణ కాలంలోనే పాత్ర మరణించవచ్చు కూడా. నేర్చుకోవడంలో ప్రమాదం ఉందని, యౌవనాన్ని వెచ్చించి విద్యను కొనుక్కోవాలని ఆ నియమం సూచిస్తుంది.

1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’ స్థాయిలను వదిలిపెట్టి, ఒక్కొక్క విద్యను శాతాలలో లెక్కించింది. పాత్ర ఏ విద్యను సఫలంగా ప్రయోగిస్తే ఆ విద్య పెరిగే అవకాశం ఉంటుంది. ఆ అవకాశం కూడా షరతులతో కూడినదే. ఎంత ఎక్కువ వస్తే, మరి కొంత నేర్వడం అంత కష్టమవుతుంది. దీనితోపాటు ధనం చెల్లించి గురువుల వద్ద, వృత్తి సంఘాల వద్ద నేర్చుకునే మార్గమూ ఉంది.

1979 నాటి ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నిర్వాహక గ్రంథంలో గైగాక్స్ శిక్షణను తప్పనిసరి చేశారు. అనుభవాంకాలు చేరినంత మాత్రాన పాత్ర పై స్థాయికి వెళ్ళదు. తన కంటె పైస్థాయిలో ఉన్న గురువు వద్ద ఒకటి నుండి నాలుగు వారాలు శిక్షణ పొందాలి. వారానికి, స్థాయికి 1,500 బంగారు నాణేల లెక్కన చెల్లించాలి. వారాలు ఎన్ని అన్నది ఆటను నడిపే వ్యక్తి నిర్ణయిస్తాడు. ఆటగాడు తన పాత్ర స్వభావానికి తగినట్లు ఆడితే శిక్షణ ఒక వారంలో ముగుస్తుంది. పాత్రోచితంగా ఆడని వానికి నాలుగు వారాలు పడుతుంది.

1986లో స్టీవ్ జాక్సన్ ప్రచురించిన ‘గర్ప్స్’ ఆట శిక్షణను గంటలలో కొలిచింది. ఒక అంకం పెరగడానికి గురువు వద్ద 200 గంటలు నేర్వాలి. 2004 నాటి కూర్పులో స్వయంగా సాధన చేసిన రెండు గంటలు గురువు వద్ద ఒక గంటకు సమానం. ఉద్యోగం చేస్తూ నేర్చుకుంటే నాలుగు గంటలు ఒక గంటకు సమానం. 2014లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదవ కూర్పు ఒక భాషనో, ఒక పనిముట్టు వాడుకనో నేర్వడానికి 250 దినాలు, దినానికి ఒక బంగారు నాణెం, నేర్పడానికి ఒక గురువు అవసరమని చెప్పింది.

ఈ నియమాలన్నీ నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. నేర్పేవారు ఎవరు? నేర్వడానికి కాలమెంత? ఆ కాలంలో భుక్తి ఎవరు పెడతారు? నేర్చినది వచ్చిందని తేల్చేది ఎవరు? తెనాలి నాటకరంగాన్ని ఈ ప్రశ్నలతోనే సమీపించవచ్చు.

3. తెనాలి ప్రాంత రంగస్థల నేపథ్యం

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ప్రయత్నంతో మొదలైంది. 1886లో బళ్ళారిలో ధర్మవరం కృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను స్థాపించి, నాటకంలో పాటకు, పద్యానికి పెద్దపీట వేశారు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభానికి ఈ ఒరవడి కృష్ణా డెల్టాలో స్థిరపడింది. 1855లో విజయవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట వల్ల తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలు మాగాణి సీమలయ్యాయి. కోతలు ముగిసిన తరువాత చేతిలో ధాన్యం, తీరిక రెండూ ఉండే గ్రామాలు ఏర్పడ్డాయి. 1916లో రేపల్లెకు రైలుమార్గం రావడంతో తెనాలి కూడలి అయింది. నటులు, హార్మోనియం విద్వాంసులు, తెరలు, దుస్తుల పెట్టెలు ఒక చోటి నుండి మరొక చోటికి రాత్రికి రాత్రి చేరగలిగాయి.

తెనాలి నుండి గుంటూరు వైపు వెళ్ళే రైలుకు తొలి స్టేషను అయిన అంగలకుదురు వంటి గ్రామాలు ఈ వ్యవస్థలో కీలకమైనవి. నటులకు పేరు పట్టణంలో వచ్చినా, ఆ పేరు నిలవడం గ్రామాలలో తేలేది. శ్రీరామనవమికో, శివరాత్రికో పందిరి వేసి తెల్లవారే దాకా నాటకం చూసే ప్రేక్షకులకు పద్యాలు ముందే కంఠస్థం. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయము చదువురాని వారికి సైతం చెవి ద్వారా పరిచితాలు. బలిజేపల్లి బాపట్ల ప్రాంతంలోని ఇటికంపాడులో జన్మించినవారే. పద్యం బాగుంటే ‘వన్స్ మోర్’ అని మళ్ళీ పాడించడం, అపశ్రుతి దొర్లితే ఈలలతో దించివేయడం ఈ ప్రేక్షకుల హక్కు. శిక్షణకు తుది పరీక్ష ఇక్కడే జరిగేది.

1921లో తెనాలిలో శ్రీరామ విలాస సభ ఏర్పడింది. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, వృత్తిరీత్యా వైద్యుడైన గోవిందరాజుల సుబ్బారావు వంటి నటులతో తెనాలి పేరు ముడివడింది. 1929లో సురభి నాటక సమాజానికి చెందిన వనారస గోవిందరావు చొరవతో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది కూడా తెనాలిలోనే. అప్పటికే ఈ పట్టణం తెలుగు నటులకు సమావేశస్థలంగా రూపొందిందని ఇది తెలుపుతుంది.

4. ఒద్దిక: సమాజంలో శిక్షణ

నాటక సమాజాలలో శిక్షణకు తెలుగు పేరు ఒద్దిక. రిహార్సల్ అనే మాట తరువాత వాడుకలోకి వచ్చింది. ఒద్దిక అనే పదంలోనే పొందిక, అనుకూలత అనే అర్థాలు ఉన్నాయి. ఒక నటుడు మరొక నటునితో, ఇద్దరూ హార్మోనియంతో, అందరూ కథతో పొందికపడటం దాని లక్ష్యం.

పద్యనాటక నటుడు నేర్వవలసిన విద్యలు అనేకం. మొదటిది ధారణ. నాటక ప్రతిలోని తన భాగాన్ని, తనకు అందింపు ఇచ్చే ఎదుటి పాత్ర మాటలను కంఠస్థం చేయాలి. రెండవది పదవిభజన. సంస్కృత సమాసాలతో నిండిన వృత్తపద్యంలో ఎక్కడ విరవాలో తెలియకపోతే అర్థం చెడుతుంది. మూడవది శ్రుతిలయలు, రాగజ్ఞానం. ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకోవాలి, ఆలాపనను ఎక్కడ ముగించి మాటలోకి దిగాలి అనేది హార్మోనియం విద్వాంసుడు నేర్పేవాడు. నాలుగవది ఆంగికం. నడక, చూపు, కిరీటం బరువుతో మెడ తిప్పడం, గద పట్టడం ఇందులో భాగాలు. అయిదవది ఆహార్యం. రంగు వేసుకోవడం, చీర కట్టడం, ఆభరణాలతో కదలడం కూడా అభ్యాసంతో వచ్చేవే.

ఈ విద్యలలో మొదటి మూడింటిని నటుడు గురువు ముందు ఒంటరిగా నేర్వవచ్చు. నాలుగవ దానిలో ఎక్కువ భాగం తోటి నటులు ఉంటేనే వస్తుంది. కోపంతో లేచిన సత్యభామకు ఎదురుగా కృష్ణుడు ఎంత దూరంలో నిలవాలో ఒంటరి సాధన చెప్పలేదు. ఒద్దిక అవసరం అక్కడే.

ఆటల నాలుగు ప్రశ్నలకు సమాజం ఇచ్చిన సమాధానాలు ఇప్పుడు స్పష్టమవుతాయి. గురువులు హార్మోనియం విద్వాంసుడు, సమాజంలోని పెద్ద నటుడు. కాలం నాటకం నాటకానికి మారేది. వ్యయంలో కొంత సమాజం, దాని పోషకులు భరించేవారు. గోవిందరాజుల వంటి వారికి వేరే వృత్తి ఆధారంగా ఉండేది. తొలి పరీక్ష ఒద్దికలో సహనటుల ముందు, తుది పరీక్ష ప్రేక్షకుల ముందు జరిగేది.

5. స్థానం నరసింహారావు: ప్రయోగం నుండి సాధన దాకా

1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు రంగస్థల జీవితం అనుకోని విధంగా మొదలైంది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషధారి రాకపోవడంతో ఆ వేషం ఆయనకు దక్కింది. మరుసటి ఏడు ఆయన తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. ఆ తరువాత శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, రోషనార, కన్యాశుల్కంలో మధురవాణి వంటి పాత్రలు ధరించారు. 1956లో పద్మశ్రీ పురస్కారం పొందారు. 1971లో మరణించారు.

ఈ క్రమాన్ని ఆటల పరిభాషలో చెబితే, మొదట సఫల ప్రయోగం, తరువాత శిక్షణ. చంద్రమతిగా మెప్పు పొందడం వల్ల నేర్వడానికి అర్హత లభించింది. నేర్చుకునే స్థలం మాత్రం సభ. స్త్రీ పాత్ర అనేది ఒకే విద్య కాదని ఆయన వేషాల పట్టికే తెలుపుతుంది. చంద్రమతి దైన్యానికి తగిన నడక సత్యభామ గర్వానికి పనికిరాదు. చిత్రాంగి ఆవేశం మధురవాణి చమత్కారానికి అతకదు. పైగా మధురవాణి పద్యం పాడే పౌరాణిక పాత్ర కాదు, వాడుకభాషలో మాటకు మాట చెప్పే పాత్ర. ఒక్కొక్క పాత్రకు విడివిడిగా శిక్షణ అవసరమయింది. ఆ పాత్రల రూపకల్పన అనుభవాలను ఆయన ‘నటస్థానం’ అనే గ్రంథంలో వివరించారు. తన సాధనను తానే గ్రంథస్థం చేసిన నటులు తెలుగులో తక్కువ కనుక ఈ రచనకు చారిత్రక విలువ ఉంది.

నాట్యశాస్త్రం నాటకానికి లోకం, వేదం, అధ్యాత్మం అనే మూడు ప్రమాణాలను చెప్పింది. స్త్రీ పాత్రధారి అయిన పురుషునికి వీటిలో లోకమే పెద్ద గురువు. పక్కింటి స్త్రీల మాటతీరు, అలక, నవ్వు, కొంగు సర్దుకునే తీరు చూసి నేర్వవలసినవి. సాధనలో ఈ పరిశీలన కాలాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇందులో ఒక వైరుధ్యం కూడా ఉంది. గౌరవ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కడాన్ని నాటి సమాజం అంగీకరించలేదు. తరతరాలుగా సంగీత నృత్యాలు తెలిసిన కళావంతుల కుటుంబాల స్త్రీలను అదే సంఘం దూరం పెట్టింది. ఫలితంగా స్త్రీలకు సహజంగానో, వారసత్వంగానో వచ్చిన విద్యను పురుషులు ఏళ్ళ తరబడి శ్రమించి మళ్ళీ నేర్చుకున్నారు. సురభి కుటుంబాలలో మాత్రం స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు. అక్కడ ఇల్లే నాటకశాల, తల్లే గురువు. బిడ్డ ఊయల నుండి తెర వెనుక పెరిగేది. ‘ట్రావెలర్’ పాత్ర మాదిరిగా, వేదిక మీదకు రావడానికి ముందే శిక్షణ ముగిసేది.

6. పాత్రలో నిలిచే విద్య

పాత్రపోషణ ఆటలో పాత్ర మరణిస్తే దాని నేర్పు కూడా ముగుస్తుంది. పద్యనాటకంలో జరిగింది దీనికి భిన్నం. నటుడు సాధించినది ఆ పాత్రకు ఆస్తిగా మారి, తరువాతి నటునికి పాఠమయింది. ఈ ప్రాంతం నుండే మూడు ఉదాహరణలు చూపవచ్చు.

మొదటిది సత్యభామ. ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ గర్వాన్ని వ్యక్తపరిచే ప్రసిద్ధ గీతం మూల నాటకకర్తది కాదు. పాత్ర కోసం స్థానం నరసింహారావు స్వయంగా రచించుకున్నది. తరువాతి కాలంలో ఆ గీతం లేని తులాభారాన్ని ప్రేక్షకులు ఊహించలేకపోయారు. అది సినిమాలోకి కూడా వెళ్ళింది. ఒక నటుని కల్పన పాత్రకు లక్షణమయింది.

రెండవది హరిశ్చంద్రుడు. కాటిసీనులో శ్మశానవాటిని గురించి గుఱ్ఱం జాషువా రచించిన పద్యాలను నటులు చేర్చి పాడారు. బలిజేపల్లి నాటకంలో లేని ఈ పద్యాలు ఆ ఘట్టానికి ప్రాణమయ్యాయి. అస్పృశ్యతను అనుభవించిన కవి పద్యాలు, కాటికాపరిగా మారిన రాజు నోట పలకడంలో ఉన్న ఔచిత్యం ప్రేక్షకుల హృదయాన్ని తాకింది. ఆనాటి నుండి హరిశ్చంద్ర వేషధారి నేర్వవలసిన పాఠం పెరిగింది.

మూడవది శ్రీకృష్ణుడు. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో జన్మించిన కల్యాణం రఘురామయ్య నోటిలో వేలు ఉంచి ఈలతో రాగాలు ఆలపించి ‘ఈలపాట’ రఘురామయ్యగా ప్రసిద్ధి పొందారు. వేణుగానలోలుడైన కృష్ణునికి ఆ ఈల సహజాలంకారమయింది. అయితే పాట, పద్యం మాదిరిగా ఇది ఇతరులకు అబ్బలేదు. నేర్పడానికి వీలైన విద్య, వ్యక్తితోనే ముగిసే విద్య అనే రెండు రకాలు ఉన్నాయని ఈ మూడవ ఉదాహరణ తెలుపుతుంది.

నటులు మారినా పాత్ర సాగిపోవడం, ప్రతి గొప్ప నటుని తరువాత పాత్ర మరింత బరువెక్కడం పద్యనాటక లక్షణం. దీనివల్ల మేలు, కీడు రెండూ కలిగాయి. కొత్త నటునికి సిద్ధమైన మార్గం దొరికింది. అదే సమయంలో, ఆ మార్గాన్ని దాటి కొత్తగా ఆలోచించే అవకాశం కుదించుకుపోయింది. అంతకు ముందు విన్న రాగంలోనే పద్యం వినాలని ప్రేక్షకుడు కోరుకున్నాడు.

7. కాంట్రాక్టు నాటకం: ఒద్దిక లేని రంగస్థలం

1930ల నుండి సినిమా పోటీ పెరిగింది. 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద తరువాత ప్రసిద్ధ నటులు మద్రాసు దారి పట్టారు. గోవిందరాజుల సుబ్బారావు మాలపిల్ల, పల్నాటి యుద్ధం, కన్యాశుల్కం చిత్రాలలో నటించారు. సమాజాలను నిలుపుకోవడం కష్టమయింది. వాటి స్థానంలో కాంట్రాక్టు నాటకం బలపడింది. కాంట్రాక్టరు ఒక ఊరి నుండి కృష్ణుని, మరొక ఊరి నుండి అర్జునుని, వేరొక చోటి నుండి దుర్యోధనుని ఒక రాత్రికి కుదుర్చుకునేవాడు. నటులు సాయంకాలం రైలు దిగి, రాత్రి రంగు వేసుకొని, ఉదయం వెళ్ళిపోయేవారు. ఒకే నాటకంలో కృష్ణపాత్రను సీన్ల వారీగా ఇద్దరు ముగ్గురు ధరించడం సామాన్యమయింది. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు.

ముందుగా కలిసి సాధన చేయని నటులు ఒక రాత్రిలో నాటకం నడపగలగడానికి కారణం పైన చెప్పిన పాత్రగత విద్యయే. అందరికీ పద్యాలు వచ్చు, వరుస వచ్చు, అందింపు మాటలు వచ్చు. ఒకే నియమగ్రంథం చదివిన అపరిచితులు బల్ల చుట్టూ చేరి ఆట మొదలుపెట్టగలిగినట్లే ఇదీ జరిగింది. ఆ రీతిగా చూస్తే కాంట్రాక్టు నాటకం అంతకు ముందరి దశాబ్దాల శిక్షణను మూలధనంగా వాడుకొని బతికింది.

కాంట్రాక్టు నాటకం రాగాలాపనల పోటీగా మారిందని, భావం మరుగున పడిందని విమర్శకులు ఆక్షేపించారు. దానికి నటుల అభిరుచిని, ప్రేక్షకుల మోజును కారణాలుగా చెప్పడం పరిపాటి. శిక్షణ దృష్టితో చూస్తే వేరొక కారణం కనిపిస్తుంది. నటుని విద్యలలో ఒంటరిగా నేర్చుకోగలిగినది పద్యగానం. సహనటులతో కలిసి నేర్వవలసినది ఆంగిక, సాత్త్వికాల పొందిక. ఒద్దిక రద్దయినప్పుడు రెండవది నేర్చుకునే చోటు లేకుండా పోయింది. మొదటిదే మిగిలింది. మిగిలిన ఒక్క విద్యలోనే నటుడు తన ఆధిక్యాన్ని చూపవలసి వచ్చింది. ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ అన్నదీ పద్యానికే గాని, ఎదుటి నటుని మాట వింటూ నిలబడిన తీరుకు కాదు. కనుక రాగం సాగడం నటుల రుచిదోషం మాత్రమే కాదు, శిక్షణ వ్యవస్థ కూలిపోవడానికి ఫలితం.

వ్యయం కూడా ఇక్కడే చేతులు మారింది. కాంట్రాక్టరు రాత్రికి ఇంత అని చెల్లించాడు. ఆ రాత్రికి వెనుక ఉన్న సాధన దినాలకు చెల్లించలేదు. హార్మోనియం గురువుకు దక్షిణ, దుస్తుల ఖర్చు, పని లేని వర్షాకాలంలో భుక్తి నటుడే చూసుకోవాలి. 1979 నాటి ఆట నియమంలో శిక్షణ వ్యయం కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. కాంట్రాక్టు నాటకంలో అది ఏ లెక్కలోనూ కనిపించదు. తెనాలి పరిసరాలలో స్థిరపడి చంద్రమతిగా, ద్రౌపదిగా, సత్యభామగా జీవనం సాగించిన స్త్రీలకు ఈ భారం మరింత ఎక్కువ. వారు పాత్రను నేర్చుకోవడానికి, దానితోపాటు సంఘం వేసిన నిందను భరించడానికి కూడా సిద్ధపడవలసి వచ్చింది.

8. విద్య ఒక రూపం నుండి మరొక రూపానికి

శిక్షణ వ్యయాన్ని భరించలేని పేద కుటుంబాల నుండి కూడా కళాకారులు వచ్చారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ అందుకు ఉదాహరణ. ఆయన బాల్యంలో నాటకాలలో నటించారు, గురువుల వద్ద సంగీతం అభ్యసించారు. 1940లలో ప్రజానాట్యమండలి ఉద్యమకాలంలో ఆ విద్యను బుర్రకథకు మళ్ళించారు. 1986లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. ఆయన ఆత్మకథ ‘పింజారి’ ఒక పేద కళాకారుడు విద్య కోసం పడిన శ్రమకు సాక్ష్యం.

బుర్రకథలో ప్రధాన కథకుడు ఒక్కడే వీరుడు, శత్రువు, తల్లి, రాజు పాత్రలన్నీ క్షణక్షణం మారుతూ అభినయిస్తాడు. ఇరువైపులా ఉన్న వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందిస్తారు. నాటకంలో ఒక పాత్రకు కట్టుబడి నేర్చిన ఆంగికం, గానం ఇక్కడ అనేక పాత్రలకు ఉపయోగపడ్డాయి. మరొక ముఖ్యమైన అంశం దళం. ముగ్గురు కళాకారులు నిత్యం కలిసే ప్రదర్శన ఇస్తారు కనుక ఒద్దిక ఇక్కడ సజీవంగా ఉంది. కాంట్రాక్టు నాటకం పోగొట్టుకున్నది బుర్రకథ దళంలో నిలిచింది. ఉద్యమ సంస్థ కళాకారునికి నేర్చుకునే చోటును, తోటివారిని ఇచ్చింది.

9. ముగింపు

పాత్రపోషణ ఆటల నియమాలు కల్పిత ప్రపంచాలకు చెందినవి. బంగారు నాణేలు, వారాలు, గంటలు ఆట సౌకర్యం కోసం నిర్ణయించినవి. అయినా అవి ఒక సత్యాన్ని దాచలేదు. విద్యకు గురువు, కాలం, వ్యయం, పరీక్ష అనే నాలుగు అంగాలు ఉన్నాయి. వీటిలో ఏదైనా తొలగితే విద్య ఆగిపోదు గాని స్వరూపం మారుతుంది.

తెనాలి పద్యనాటక చరిత్ర దీనినే నిరూపిస్తుంది. సమాజాలు ఉన్నంత కాలం నాలుగు అంగాలు ఒక చోట ఉన్నాయి. కాంట్రాక్టు పద్ధతిలో గురువు, పరీక్ష మిగిలాయి. కలిసి నేర్చే కాలం పోయింది, వ్యయం నటుని ఇంటికి చేరింది. దాని ఫలితంగా పద్యం పెరిగి పాత్రల మధ్య సంబంధం తగ్గింది. అంతకు ముందరి తరం పాత్రలలో దాచిపెట్టిన విద్య వల్ల నాటకం మరికొన్ని దశాబ్దాలు నడిచింది. దాచినది వాడుకోవడమే గాని కొత్తగా చేర్చడం తగ్గినప్పుడు ఏ కళకైనా క్షీణత తప్పదు.

నేడు పద్యనాటకానికి పోటీలు, పురస్కారాలు ఉన్నాయి. ఇవి ప్రదర్శనను గౌరవిస్తాయి. పరిశీలించవలసినది ప్రదర్శనకు ముందున్న దినాలను ఎవరు గౌరవిస్తున్నారన్న విషయం. అంగలకుదురు వంటి గ్రామంలో తెల్లవారే దాకా కూర్చుని పద్యాన్ని మళ్ళీ పాడించుకున్న ప్రేక్షకుడు ఆ రాత్రి చెల్లించినది ఒక్క రాత్రి వెల మాత్రమే. ఆ పద్యం వెనుక ఉన్న ఏళ్ళకు వెల కట్టిన లెక్క ఎక్కడా లేదు. హార్మోనియం విద్వాంసుల బోధనాపద్ధతులను, ఒద్దికల తీరును, నటీమణుల అభ్యాస జీవితాన్ని తెలిసినవారు ఉండగానే నమోదు చేయడం తెలుగు నాటక పరిశోధన ముందున్న అత్యవసర కర్తవ్యం.